మూత తీసిన ఆయుధ పూజ

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. మా అమ్మ ఈ సంగతి అదేదో జబ్బయినట్టు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నేను జబ్బనుకోను. కొంతమంది బంగారం దాచుకుంటారు, నేను కోపం దాచుకుంటాను. ఇప్పుడు రాస్తున్నది నా పీహెచ్‌డీ గైడు గురించి. ఆయన పేరు రాయను. కాలేజీ పేరూ రాయను. మదనపల్లె ఊరి చివర, పుంగనూరు పోయే దారికి కాస్త లోపలగా ఉండేదంటే చాలు. ఆయన ఇది చదువుతాడో లేదో తెలియదు. చదవాలనే రాస్తున్నాను.

నా చదువు వెలుతురుతో కొలవడం మీద. ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే గాజు దారం, ఆప్టికల్ ఫైబర్, అందరూ చూసే ఉంటారు. పైనున్న ప్లాస్టిక్ తొక్క వలిచేస్తే లోపల వెంట్రుకంత గాజు పోగు మిగులుతుంది. దాని కొసను నున్నగా విరిచి లేజర్‌తో ఒక్క దెబ్బ కొడితే, కొస మధ్యలో కంటికి ఆనని చిన్న గుంట పడుతుంది. ఆ గుంటకు అద్దం పూత పూయించాలి. అలాంటి రెండు కొసల్ని ఎదురెదురుగా, వెంట్రుక కన్నా సన్నటి సందు వదిలి నిలబెడితే, సందులోకి దూరిన వెలుతురు ఆ అద్దానికీ ఈ అద్దానికీ మధ్య వేలసార్లు తిరుగుతుంది. దాన్ని క్యావిటీ అంటారు. ఆ సందులో ఒక పల్చటి పొరను నిలిపామనుకోండి, అది అణువు వెడల్పులో ఏ వెయ్యో వంతు కదిలినా బయటికొచ్చే వెలుతురు చెప్పేస్తుంది. కంప్యూటరు తెర మీద ఒక గీతగా కనబడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. నన్ను ఈ పనిలోకి లాగిందే ఆ చిక్కు. అంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు, కొలిచే వెలుతురే దాన్ని తోస్తుంది. ఊరికే చూడటమనేది ఉండదు. ఎంత మెత్తగా చూసినా, చూసినదాన్ని కాస్త జరిపేస్తాం. ఆ తోపును ఎంత తక్కువలో ఉంచగలం అన్నదే క్వాంటం కొలతలో అసలు పని. మేం ఆ హద్దును చేరలేదు, అంత చల్లగా ఉంచే యంత్రం మాకు లేదు. దాని గుమ్మం కనబడేంత దగ్గరికి మాత్రం పోయాం. మదనపల్లెలో ఒక మూల గదిలో అంతమాత్రం చేయడమే గొప్ప, ఆ గొప్ప నాది.

నాది అని ఎందుకంటున్నానో చెప్పాలి. కంపనాలు అంటని బల్ల కావాలి, కొనే స్తోమతు కాలేజీకి లేదు. నేను కుప్పం పోయి, గ్రానైటు కోసే యార్డులన్నీ తిరిగి, ఒక మూల చిట్లిందని పక్కన పడేసిన పచ్చ రాతి పలకను ఎంచుకున్నాను. యార్డు ఆయన "వంటింటికా అమ్మా, సమాధికా?" అని అడిగాడు. కొలిచేదానికి అంటే తల గీరుకున్నాడు. ఆ పలకను టెంపోలో తెచ్చి, గాలి నింపిన స్కూటర్ ట్యూబుల మీద పరిచాను. ఫైబర్ కొసలకు అద్దం పూత బెంగళూరులో పూయించాను. చింతామణి మీదుగా వచ్చే బస్సులో, స్టీలు టిఫిన్ బాక్సులో దూది పరిచి, వాటిని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్క సీటు ఆవిడ, ఏం కూరమ్మా అంత భద్రంగా పట్టుకున్నావు అని అడిగింది. మా కాలేజీ పక్కరోడ్డు మీద టమోటా లారీలు పోతుంటే గీత నిలవదు. అందుకని మార్కెట్టులో వేలం ముగిసి లారీలు తగ్గే వేళ చూసుకుని కూర్చునేదాన్ని. బల్లను వేలి కొసతో ముట్టినా గీత తెర అంచు దాకా ఎగిరేది. ఆ గీత నిలబడిన రోజు నేను గదిలో ఒక్కదాన్నే ఉన్నాను, ఏడ్చాను కూడా.

గైడు ఆ గదికి వచ్చేది ఎవరికైనా చూపించడానికి. విభాగానికి అధిపతి ఆయనే. పట్టు చొక్కాలు వేస్తాడు, గట్టిగా నవ్వుతాడు, ఎవరి భుజం మీదైనా చెయ్యి వేస్తాడు. మంచివాడని పేరు. ఇలాంటి మంచివాళ్లంటే నాకు అప్పటి నుంచీ భయం.

నా కొలతతో వ్యాసం రాశాం. రాసింది నేను. అచ్చయి వచ్చాక చూస్తే మొదట ఆయన పేరు, తరువాత ఆయన స్నేహితులవి. నా పేరు చివర కృతజ్ఞతల్లో, కరెంటు పని చేసినవాళ్ల పక్కన ఉంది. వెళ్లి అడిగాను. "నీకింకా వయసుండాది గదమ్మా. మళ్లీ రాస్తావులే. నాకు ప్రమోషనుకు ఇది కావాల" అన్నాడు, ఏదో పెన్ను అడిగి తీసుకున్నట్టు. ఆ తరువాత కుప్పంలో ఒక సదస్సు జరిగింది. వేదిక మీద నా గీతను చూపించి, క్వాంటం హద్దును తాకేశామని గొప్పలు చెప్పాడు. ఎవరో ఒక ప్రశ్న అడిగితే జవాబు రాక నా వైపు చెయ్యి చూపించి, "ఈ అమ్మాయి మా ల్యాబ్ అసిస్టెంటు, పరికరాలు తుడిచి పెడతాది, ఆమెనడగండి" అన్నాడు. సభ నవ్వింది. నేను లేచి జవాబు చెప్పాను, కూర్చున్నాను. నా కోపం పుట్టింది అక్కడ, ఆ కుర్చీలో. ఆ కొలత నాదని ఇదే మనిషి నోటితో, పదిమంది ముందు చెప్పించాలని అనుకున్నాను. అంతకు తక్కువైతే నాకు వద్దు.

తరువాత ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ పండగ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు బస్సుకూ పూజే, తూకం కాటాకూ పూజే, జిరాక్సు మిషనుకూ పూజే. కాలేజీలో ప్రతి కంప్యూటరుకూ గంధం, కుంకుమ బొట్లు పెడతారు. బూడిద గుమ్మడికాయ కొడతారు, బొరుగులు పంచుతారు. నాకూ ఇష్టమే. మా గదిలో లేజరుకు నేనే బొట్టు పెడతాను, బయటి పెట్టె మీద. క్యావిటీకి పైన అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి మూతతో ఉంటుంది, దుమ్ము పడకుండా. దాన్ని తీయాలంటే నేనే చేతులకు తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి తీసేదాన్ని.

ఆ ఏడు యాజమాన్యం వాళ్లు వస్తున్నారని గైడు పూజను మా గదిలో పెట్టించాడు. పలకలు, అంటే డప్పులు, వాయించేవాళ్లను పిలిపించాడు. గదినిండా జనం చేరారు, ఫొటోలు తీసేవాడు బల్ల పక్కన స్టూలెక్కాడు. నేను అప్పుడే లేజరు ఆపేశానేమో, చేతులకు నీలం రంగు తొడుగులు ఇంకా ఉన్నాయి. ఆయన చూసి నవ్వాడు.

"పూజకు గ్లవ్సు ఏందమ్మా, ఆపరేషను చేస్తాండామా?"

అందరూ నవ్వారు. ఆయన ఒక చేత్తో హారతి పళ్లెం పట్టుకుని, రెండో చెయ్యి డబ్బా మూత మీద వేశాడు.

"మూత తియ్యద్దు సార్. లోపల అద్దాలుండాయి. బొట్టు డబ్బా మీద పెట్టండి, సాలు."

"దేవుడికి పెట్టే బొట్టు డబ్బాకు పెడతామా? పక్కకు జరుగమ్మా, ఫొటోకు అడ్డం."

పలకల మోత ఎక్కువైంది. మళ్లీ చెప్పాను, నాకే వినబడలేదు. మూత లేచింది. ముద్ద కర్పూరం నల్లగా పొగలు కక్కుతూ నా క్యావిటీ చుట్టూ మూడు చుట్లు తిరిగింది. కుంకుమ చిటికె పట్టి కొసలున్న దిమ్మ మీద అద్దాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ పొగను చూస్తూ నిలబడ్డాను. కర్పూరం మసి ఎంత జిడ్డుగా పడుతుందో ఇంట్లో దీపారాధన చేసే ఎవరినడిగినా చెబుతారు.

దసరా సెలవులకు పుంగనూరు దగ్గర మా పల్లెకు పోయాను. తిరిగొచ్చి లేజరు వేసి చూస్తే గీత లేదు. వేలసార్లు తిరగాల్సిన వెలుతురు నాలుగు అడుగులు వేసి కూలబడినట్టుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒక కొస మీద మసి, దాని అంచున కుంకుమ రేణువు. తుడిస్తే పూత పోతుంది, తుడవకపోతే వెలుతురు పోతుంది. చచ్చిపోయిందని అర్థమైంది. అదే పూట పోయి గైడుకు చెప్పాను.

ఆయన తలుపు వేశాడు. "బెంగళూరు సైంటిస్టులు మన కొలత పరిశీలనకు వస్తాండారు తెలుసునా? అది పాయనని సెప్తే నీ పీహెచ్‌డీ గూడా పోతాది. పాత గీత కంప్యూటర్లో ఉండాది గదా, అదే ఆడిస్తాం. వాళ్లకేం తెలస్తాది?"

నేను చెయ్యనన్నాను. "నువ్వు సెయ్యద్దులే. నోరు మూసుకోనుండు" అన్నాడు. ఇంకో విద్యార్థి చేత పాత గీతను తెర మీద నడిచేలా పెట్టించాడు.

ఆ సాయంత్రం కాలేజీ గేటు దాటుతూ తల ఎత్తాను. గేటు పక్కన కొత్త ఫ్లెక్సీ వెలిసింది. పైన పెద్ద అక్షరాలతో 'విజ్ఞానానికి వందనం'. కింద పట్టు చొక్కాలో మా గైడు, ఒక చేతిలో మంట లేచిన హారతి పళ్లెం, రెండో చేతిలో ఎత్తిన మూత. మధ్యలో బట్టలు విప్పినట్టు నా క్యావిటీ. ఆయన తనే వేయించుకున్న ఫ్లెక్సీ అది. నేను రోడ్డు మీద నిలబడి నవ్వాను. ఎన్ని నెలల తరువాత నవ్వానో.

యాజమాన్యం దగ్గరికి పోయి ఫిర్యాదు చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. మూసిన తలుపుల వెనక తేలే న్యాయం నాకు అక్కర్లేదు. దీపావళి ఫ్లెక్సీ కోసం దీన్ని దింపుతామంటే, వాచ్‌మన్ అన్నను బతిమాలి దాన్ని ఉంచమన్నాను. గాలికి దుమ్ము పట్టి మసకేస్తే, ఆయన ముఖం మీద నేనే రెండు బకెట్ల నీళ్లు కొట్టాను. చూసినవాళ్లు గురుభక్తి అనుకున్నారు.

పరిశీలనకు ఇద్దరొచ్చారు. పెద్దావిడ ఒకరు, ఆవిడ వెంట ఒక యువకుడు. పెద్దావిడ తక్కువ మాట్లాడుతూ ఎక్కువ చూస్తోంది. గైడు తెర మీద గీతను చూపిస్తూ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. అటెండరు సెలవు. ఆయన నా వైపు తిరిగి చిటికె వేశాడు.

"అమ్మా, మేడమ్‌గారికి టీ తీసకరా."

తీసుకొచ్చాను. స్టీలు గ్లాసులు, స్టీలు ట్రే. మామూలుగా ఆ బల్ల మీద పెన్ను పెట్టినా నేను ఊరుకోను. ఆ రోజు ట్రేను తెచ్చి, పచ్చ రాతి పలక మీద, క్యావిటీకి జానెడు దూరంలో, టక్కున పెట్టాను. గ్లాసులు గల్లుమన్నాయి. కొంచెం టీ ఒలికింది.

తెర మీద గీత ఉలకలేదు, పలకలేదు.

పెద్దావిడ గ్లాసు అందుకోబోయి ఆగింది. తెర వైపు చూసింది, ట్రే వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. నేను కళ్లు దించుకోలేదు.

"ఇది ఇప్పుడు నడుస్తున్నదేనా?" అని ఆయన్ని అడిగింది.

"లైవ్ మేడమ్. ఇప్పుడిప్పుడు వస్తాండేదే."

ఆవిడ చూపుడు వేలు వంచి బల్ల మీద కొట్టింది. గీత కదల్లేదు. ఈసారి పిడికిలితో కొట్టింది. గీత అలాగే, బుద్ధిమంతురాలిలా సాగిపోతోంది. "మీ బల్ల చాలా గట్టిదండీ" అంది. యువకుడు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు.

నేను గైడు ముఖం చూశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ గీతనూ చూడలేదు. రంగు మారింది, పెదవి పైన చెమట పట్టింది, కళ్లు దారి వెతికాయి. దారి దొరికింది, అది నేనే.

"ఈ అమ్మాయి చెయ్యి జార్చి పాడు సేసింది మేడమ్. మీరొస్తాండారని నాకు సెప్పకుండా దాచి, పాత గీత పెట్టింది. నాకూ ఇప్పుడే తెలస్తాండాది. లేబరు ఇంటి నుంచి వచ్చిన పిల్ల, పోనీలే అని సేర్చుకుంటి."

ఆ ఆఖరి మాట అనకపోయి ఉంటే, బహుశా నా గొంతు కాస్త వణికేదేమో. అన్నాడు కాబట్టి వణకలేదు. మా అమ్మ టమోటా తోటల్లో కూలికి పోయి నన్ను చదివించింది. ఇప్పుడు అంగన్‌వాడీలో పని చేస్తోంది.

"మేడమ్, వచ్చేటప్పుడు గేటు కాడ ఫ్లెక్సీ చూసినారా?" అని అడిగాను.

చూడలేదంది. అయితే ఒకసారి వచ్చి చూడమన్నాను. అందరం నడుచుకుంటూ గేటు దాకా పోయాం. గైడు వెనకబడ్డాడు. యాజమాన్యం మనిషి కూడా ఏం జరుగుతోందోనని బయటికొచ్చాడు. క్లాసులు వదిలిన పిల్లలు చుట్టూ చేరారు. పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని ఫ్లెక్సీని పై నుంచి కింది దాకా చూసింది.

"అది కర్పూరమా?"

"కర్పూరమే మేడమ్. కుంకుమ గూడా ఉండాది. సూక్ష్మదర్శినిలో చూపిస్తాను."

ఆవిడ గైడు వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది. "ఈ రెండు కొసల మధ్య సందు ఎంతండీ?" ఆయన చెప్పలేకపోయాడు. నన్నడిగితే చెప్పాను. "ఈ కొలత ఎవరిది?" అని మళ్లీ ఆయన్నే అడిగింది. గేటు బయట ఎవరో హారన్ కొట్టారు. ఆయన నేల చూస్తూ, "ఆ పాపదే" అన్నాడు. పదిమంది కాదు, వందమంది విన్నారు. నాకెంత సంతోషమేసిందంటే, కడుపు నిండా పెరుగన్నం తిన్నట్టయింది. జాలి వేయలేదు. వేయాల్సిందని ఎవరైనా అంటే వాళ్లతో నాకు మాటలు లేవు.

వ్యాసానికి సవరణ వచ్చింది, నా పేరు మొదటికి చేరింది. గైడును మార్చారు. ఆయన ఉద్యోగం పోలేదు, కుర్చీ పోయింది. వాచ్‌మన్ అన్న ఫ్లెక్సీని చెక్క ఫ్రేము నుంచి ఊడదీసి చుట్టచుట్టి ఉంచితే, అడిగి తీసుకున్నాను. మా వైపు ఫ్లెక్సీని ఎవరూ పారెయ్యరు. నాయకుల ముఖాలన్నీ చివరికి గడ్డివాముల మీదా, కొట్టాల మీదా తేలతాయి. ఆ చుట్టను నేను విప్పను కూడా లేదు. పల్లెకు తీసుకుపోయి అమ్మకిచ్చాను. అమ్మ, చిన్నాయన కలిసి ఆవుల కొట్టం మీద వెదుళ్లకు బిగించి, అంచులు లోపలికి మడిచి కట్టారు.

కొన్నాళ్లకు ఒక పగలు గైడు మా ఇంటికి వచ్చాడు, ఆపిల్ పండ్ల సంచితో. యూనివర్సిటీకి రాతపూర్వకంగా ఏమీ పెట్టొద్దని అడగడానికి. అమ్మ మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. మంచం ఎదురుగానే కొట్టం. ఆయన నీళ్లు తాగుతూ తల ఎత్తాడు. కొట్టం పైన ఆయనే, హారతి పళ్లెంతో. కింద ఆవుదూడ తీరిగ్గా పేడ వేస్తోంది.

"ఆ బొమ్మలో ఉండేది మీరే గదా సార్?" అంది అమ్మ. అమ్మకు నిజంగా అంతా తెలియదు, నేను చెప్పలేదు. "మా పాప తెచ్చింది. మంచి గట్టి పట్ట. ఒక సుక్క కారలేదు."

ఆయన చెంబు కింద పెట్టాడు. ఆ చెంబు చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. లేచి, వాకిలి దాటాక, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు తిరిగాడు.

"ఒక మాట అడగతా. ఆ పొద్దు నువ్వు ఆడే ఉండావు. మూత తీస్తే పోతాదని నీకు తెలుసు. యాల అడ్డం పడలేదు? కావాలనే సూస్తా నిలబడినావు."

"చెప్పినాను సార్. రెండుసార్లు చెప్పినాను."

"ఎవురు విన్నారు?"

వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం వెళ్లలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఎక్కడ భౌతికశాస్త్రం చెప్పే నలుగురు కలిసినా అది తిరిగింది. ఆ పిల్లకు ముందే తెలుసంట, మేస్టారును ఇరికించాలని నోరు మూసుకోని చూసిందంట. ఆ రోజు గదిలో ఉన్నవాళ్లను అడిగాను. పలకల మోతలో ఏమీ వినలేదన్నారు. నీలం గ్లవ్సు జోకు మాత్రం అందరికీ గుర్తుంది.

అంతకన్నా దారుణం, కొన్నాళ్లకు నాకే అనుమానం పట్టుకుంది. నేను చెప్పానా? మొదటిసారి చెప్పాను, జవాబు కూడా ఇచ్చాడు. అది ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తరువాత? మూత లేస్తున్నప్పుడు నేను చేసిందేమిటి? మనసులో ఒక మూల, పోనీ, చెడనీ, నీ చేత్తోనే చెడనీ అనుకున్న మాటా నిజమే. ఊరికే చూడటమనేది ఉండదని నేనే కదా పిల్లలకు చెబుతాను. అలా నా కోపానికి నేనే కాపలా కాస్తూ, దాని లెక్క నేనే అడుగుతూ గడిపాను. ఆయన నా నుంచి మొదట కొలతను తీసుకున్నాడు, తరువాత క్యావిటీని. మూడోసారి నా మీద నాకున్న నమ్మకాన్నీ తీసుకున్నాడు. దీనికి నా దగ్గర ఏ ఫ్లెక్సీ లేదు.

పీహెచ్‌డీ అయ్యాక కుప్పంలోనే ఒక కాలేజీలో చేరాను. నన్ను చూసి సభ నవ్విన ఊళ్లోనే ల్యాబు పెట్టాలన్నది నా మొండితనం. అదే గ్రానైటు యార్డుకు పోతే యార్డు ఆయన గుర్తుపట్టి, "మళ్లీ కొలిచేదానికేనా అమ్మా?" అని ఈసారి మూల చిట్లని పలకే చూపించాడు. కొత్త కొసలు, కొత్త పూత, మళ్లీ ఒళ్లో టిఫిన్ బాక్సు. గుడుపల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థిని, నేను కలిసి కట్టాం. కొత్త గీత పాతదాని కన్నా నిలకడగా వచ్చింది. అది వచ్చిన రోజు నేను ఏడవలేదు. ఇది ఆ గైడు చూడాలి, చూసి కుళ్లాలి అనుకున్నాను. మొదట వచ్చిన ఆలోచన అదే, అబద్ధం ఎందుకు.

మొన్న వానలు తగ్గాక ఇంటికి పోతే, కొట్టం మీద పట్ట చివికిందని చిన్నాయన దాన్ని దింపుతున్నాడు. ఎండకు పట్ట మీది గైడు ముఖం మొత్తం వెలిసిపోయి తెల్ల కాగితంలా ఉంది. అక్షరాలు పోయాయి. నేను ఒక కొస పట్టుకున్నాను. వెదురు కింద మడిచిన అంచు విప్పేసరికి మడత లోపల రంగు నిన్న అచ్చేసినట్టు తాజాగా ఉంది. ఎండ తగలని జానెడు పట్టీ. దాని పొడవునా మేకుల బెజ్జాలు. కాలేజీ గేటు దగ్గరా ఆ అంచు చెక్క ఫ్రేము వెనక్కి మడిచే ఉండేదని అప్పుడర్థమైంది.

ఆ పట్టీలో ఒక చెయ్యి ఉంది. మోచేతి దాకా. నీలం తొడుగుతో. అరచెయ్యి ముందుకు చాచి, ఐదు వేళ్లూ విప్పి, మూత వైపు, వద్దని.

"ఎవురిదే ఆ చెయ్యి?" అంది అమ్మ, నా భుజం మీదుగా వంగి.

"నాదే."

"నీదా? మరి ఇన్నాళ్లూ కనపడనే లేదే."

నేను వాకిట్లోనే కూర్చుండిపోయాను. అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మ కొడవలి తెచ్చిచ్చింది. ఆ అంచు కోసుకున్నాను. మిగతాది, ఆ తెల్లముఖంతో సహా, పేడ దిబ్బ మీద కప్పమని చిన్నాయనకు చెప్పాను.

ఆ ముక్కకు ఫోనులో ఫొటో తీసి గైడుకొక్కడికే వాట్సాప్‌లో పంపాను. ఒక్క అక్షరం రాయలేదు. కాసేపటికి రెండు గీతలూ నీలం అయ్యాయి, చూశాడు.  ఊరికే చూడటమనేది ఉండదు, ఆ చెయ్యి ఆయన్ను కాస్తయినా లోపల జరిపి ఉంటుంది, అది చాలు.

కుప్పంలో కొత్త క్యావిటీ మీద ప్లాస్టిక్ డబ్బా ఉంది, డబ్బాకు మూత ఉంది. ఆ మూత మీద ఆ ముక్కను పరిచి నాలుగు మూలలా టేపు వేశాను. ఆయుధ పూజకు మా గదిలోనూ బొరుగులు పంచుతాం, గంధం పెడతాం, అంతా గది బయట. ఆ మూత తీయాలనుకునే వాళ్లెవరైనా ముందు నా చేతిని పక్కకు నెట్టాలి.